163వ ఆటకి వెళ్ళొచ్చాం, గొంతు ఇంకా రాలేదు

2009 అక్టోబర్ 6, మంగళవారం సాయంత్రం మిన్నియాపొలిస్ మెట్రోడోమ్ స్టేడియంలో మా ఊరి బేస్‌బాల్ టీమ్ ట్విన్స్‌కీ డెట్రాయిట్ టీమ్ టైగర్స్‌కీ జరిగిన 163వ ఆటకి నేనూ మా ఆవిడా వెళ్ళాం. మామూలుగా సీజన్‌కి 162 ఆటలే, మొదటి స్థానంలో ఇద్దరు సమానమైతే తేల్చడానికి పెట్టింది ఈ ఆట. టీవీలో చూసినవాళ్ళు, అసలు చూడనివాళ్ళు కూడా అడుగుతున్నారు, అక్కడ కూర్చుంటే ఎలా ఉందని. వారం దాటింది, ఇప్పుడు కాస్త నింపాదిగా రాస్తున్నాను. ఆట కన్నా ఎదురుచూపు గురించే ఎక్కువ రాస్తానేమో, ఎందుకంటే నన్ను నిజంగా పీల్చి పిప్పి చేసింది అదే.

సెప్టెంబర్ 30, బుధవారం రాత్రి డెట్రాయిట్‌లో టైగర్స్ మనవాళ్ళని 7-2తో ఓడించారు. దాంతో పట్టికలో వాళ్ళు మూడు ఆటలు ముందున్నారు, మిగిలినవి నాలుగే. ఆ రాత్రే మా బావమరిది ఫోన్ చేశాడు. వాడు మిషిగన్‌లో నోవైలో ఉంటాడు, కార్ల కంపెనీలకి విడిభాగాలు తయారుచేసే చోట ఇంజినీరు. మామూలుగా ఆదివారం తప్ప ఫోన్ చెయ్యడు, అదీ వాళ్ళక్కకే. ఆ రోజు నేరుగా నాకే చేసి, "బావా, ఇంకేం చూస్తావులే, టీవీ కట్టేసి పడుకో" అన్నాడు. ఒళ్ళు మండింది గానీ తిరిగి ఏమీ అనలేదు. వాడికి ఈ వేసవి ఎలా గడిచిందో నాకు తెలుసు. ఏప్రిల్ ఆఖర్లో క్రైస్లర్, జూన్ 1న జీఎం దివాలా కోర్టుకెక్కాయి. వాడి ఆఫీసులో వారానికి నాలుగు రోజులే పని, జీతమూ ఆ లెక్కనే, రేపు వీసా సంగతేమిటో తెలీదు. అన్నాళ్ళూ రాత్రి ఏడయ్యేసరికి టైగర్స్ ఆట పెట్టుకుని కూర్చున్నాడు. మే 10 నుంచి వాళ్ళ టీమే మొదటి స్థానంలో ఉంది మరి. టైగర్స్ స్టేడియం కొమెరికా పార్క్‌లో ఫౌంటెన్ మీద ప్రకటనకి ఈ ఏడాది జీఎం డబ్బు కట్టలేకపోతే, ఆ చోటు ఇంకొకరికి అమ్ముకోకుండా డెట్రాయిట్ మూడు కార్ల కంపెనీల పేర్లూ ఊరికే పెట్టారని వాడు చెప్పినప్పుడల్లా గొంతు మారేది. అలాంటివాడితో ఏం వాదిస్తాం?

తర్వాత జరిగింది చకచకా చెప్పేస్తాను. గురువారం ట్విన్స్ అక్కడే 8-3తో గెలిచారు. శుక్రవారం, శనివారం టైగర్స్ చికాగో టీమ్ వైట్ సాక్స్ చేతిలో ఓడిపోయారు. ఇక్కడ మనవాళ్ళు కాన్సస్ సిటీని వరసగా కొట్టారు, శనివారమైతే ఈ ఏడాది ఎవరికీ కొరుకుడు పడని జాక్ గ్రింకీ పిచింగ్ చేస్తుండగానే (పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడు). మన ఆటగాడు జస్టిన్ మోర్నో వెన్ను గాయంతో సెప్టెంబర్ మధ్యలోనే వెళ్ళిపోయాడు, అయినా ఇలా ఆడుతున్నారు. ఆదివారం రెండు టీములూ గెలిచాయి. 86 గెలుపులు, 76 ఓటములు, ఇద్దరికీ.

నిరుడు కూడా ఇంతే. వైట్ సాక్స్‌తో సమానమై, నాణెం ఎగరేస్తే చికాగోకి పడి, అక్కడికెళ్ళి వాళ్ళ జిమ్ టోమీ కొట్టిన ఒక్క హోమ్ రన్‌తో (బంతిని కంచె దాటించడం, మన సిక్సర్ లాంటిది) 1-0తో ఓడిపోయి వచ్చారు. ఆ నాణెం మీద నాకు ఏడాదంతా కోపమే. ఈసారి నియమం మార్చారు. ఆ రెండు టీముల మధ్య జరిగిన ఆటల్లో ఎవరు ఎక్కువ గెలిస్తే వాళ్ళ ఊళ్ళోనే ఆట. మనవాళ్ళు 11-7. కాబట్టి మెట్రోడోమ్‌లో.

అయితే సోమవారం కుదరదు. ఆ రోజు రాత్రి అదే డోమ్‌లో మా ఊరి వైకింగ్స్‌కీ ప్యాకర్స్‌కీ ఫుట్‌బాల్ ఆట ఉంది. అదీ మామూలు ఆట కాదు, ఇప్పుడు వైకింగ్స్‌కి ఆడుతున్న బ్రెట్ ఫావ్ తన పాత టీమ్ ప్యాకర్స్ మీద మొదటిసారి దిగే ఆట. ఈ ఊళ్ళో ఆ ఆటని జరిపేవాళ్ళు ఎవరూ లేరు. అందుకని మంగళవారం సాయంత్రం 4:07కి అన్నారు. ఇంకో వింత, ఆదివారం నాడు డోమ్‌కి వీడ్కోలు సభ కూడా అయిపోయింది, 2010 నుంచి ట్విన్స్ ఆటలు కొత్త స్టేడియం టార్గెట్ ఫీల్డ్‌లో కదా. పాత ఆటగాళ్ళని పిలిచి, చప్పట్లు కొట్టి, కళ్ళు తుడుచుకుని పంపించేశాక, ఇంకో ఆట ఉందండీ మళ్ళీ రండి అన్నట్టయింది.

ఆదివారం మధ్యాహ్నం నుంచి మంగళవారం సాయంత్రం దాకా ఏమీ తోచలేదు. ఆఫీసులో కోడ్ రివ్యూకి కూర్చుంటే పక్కనున్న అమెరికన్ మిత్రుడూ నేనూ స్క్రీన్ చూస్తూ పిచర్ల గురించి మాట్లాడుకుంటున్నాం. టికెట్లు ఆ మిత్రుడి వల్లే దొరికాయి. వాళ్ళ బంధువుల దగ్గర రెండు మిగిలితే టికెట్ మీద ఉన్న రేటుకే ఇచ్చాడు, ఒక్కోటి ఇరవై చిల్లర డాలర్లు. అప్పటికే బయట తిరిగి అమ్మేవాళ్ళు రెట్టింపు పైనే అడుగుతున్నారు. పై అంతస్తులో, లెఫ్ట్ ఫీల్డ్ వైపు. సెక్షన్ పేరు వినగానే "అక్కణ్ణించి మనుషులు కనిపిస్తారా?" అంది మా ఆవిడ. తనకి బేస్‌బాల్ మీద ఇష్టం లేదు, ద్వేషమూ లేదు. తమ్ముడు ఓడిపోతుంటే చూడాలా వద్దా అన్నదే తన సందేహం. వచ్చింది మాత్రం.

పాపని పక్కింటి వాళ్ళ దగ్గర ఉంచి, ఎనిమిదింటికల్లా వచ్చేస్తామని చెప్పాం. ఆట మూడు గంటలు, దారి అరగంట, ఎంత ఆలస్యమైనా ఎనిమిది. మీరెవరైనా ఇలాంటి ఆటకి వెళ్తే పిల్లల్ని దింపేటప్పుడు టైమ్ మాత్రం చెప్పకండి.

బ్లూమింగ్‌టన్‌లో కారు పెట్టేసి లైట్ రైలెక్కాం. పార్కింగ్ ఉచితం, టికెట్ రెండు డాలర్ల చిల్లర, డోమ్ ముందే దిగడం. డౌన్‌టౌన్‌లో కారు పెట్టి వచ్చిన మిత్రుడికి పాతిక డాలర్లు వదిలాయి. రైలంతా ట్విన్స్ ఆటగాడు జో మోవర్ పేరున్న 7వ నంబరు చొక్కాలే. స్కూలు మధ్యలో మానిపించి పిల్లల్ని తీసుకొచ్చిన తండ్రులు చాలామంది, ఒకాయన ఫోన్లో టీచర్‌తో కాబోలు, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నామని చెప్తుంటే ఆయన పిల్లాడు నెత్తిన ట్విన్స్ టోపీ పెట్టుకుని మా వైపు చూసి నవ్వాడు.

లోపలికి వెళ్ళాక మొదట తెలిసేది చప్పుడు. గాలితో నిలబడే గుడారం లాంటి కప్పు అది, అరుపు పైకి పోయేది కాదు, అక్కడక్కడే తిరిగేది. ఆ రోజు 54,088 మంది ఉన్నారు, ఆ డోమ్‌లో మామూలు సీజన్ ఆటకి అంతమంది ఎప్పుడూ రాలేదట. సోమవారం రాత్రి పొద్దుపోయేదాకా ఫుట్‌బాల్ ఆడిన నేల, రాత్రికి రాత్రే బేస్‌బాల్ నేలగా మార్చేశారు. మా ముందు సీట్లో ఒక పెద్దావిడ చెవిలో రేడియో, ఒళ్ళో స్కోరు పుస్తకం, పెన్సిలు. 1991లో వరల్డ్ సిరీస్ ఏడో ఆట, జాక్ మోరిస్ పది ఇన్నింగ్స్ ఒక్కడే వేసి 1-0తో గెలిపించింది, ఇదే డోమ్‌లో చూసిందట. అప్పటి తెల్ల రుమాలు కూడా తెచ్చుకుంది, మెడలో చుట్టుకుని.

బేస్‌బాల్‌లో తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదానిలో రెండు టీములూ చెరోసారి బ్యాటింగ్. మూడో ఇన్నింగ్స్‌లో వాళ్ళ మిగెల్ కబ్రేరా హోమ్ రన్ కొట్టాడు, వాళ్ళకి 3-0. వాళ్ళ పిచర్ రిక్ పోర్సెల్లోకి ఇరవై ఏళ్ళు, పసివాడు, బెదురుతాడనుకున్నాం. బెదరలేదు. మనకి ఒక రన్ మాత్రం వాడి విసురు తప్పి వచ్చింది. ఆరులో మన జేసన్ కూబెల్ హోమ్ రన్, 3-2. ఏడులో మన ఓర్లాండో కబ్రేరా ఎడమ వైపుకి, మా కిందికే, హోమ్ రన్ కొట్టాడు, ఇద్దరు మూడు బేసులూ చుట్టి ఇంటికి, అంటే బ్యాటర్ నిలబడే ప్లేటు దగ్గరికి, వచ్చారు, మనకి 4-3. అప్పుడు మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏదో అంది, నోరు కదలడం కనిపించింది గానీ మాట వినపడలేదు. పెద్దావిడ చెవుల్లో రేడియో ఎందుకు పెట్టుకుందో అప్పుడర్థమైంది, వ్యాఖ్యానం కోసం కొంతా, చెవుల కోసం కొంతా.

ఎనిమిదిలో వాళ్ళ మాగ్లియో ఓర్డోనెజ్ హోమ్ రన్. 4-4. యాభై వేల మంది ఒక్కసారి కూర్చున్న చప్పుడు నేను అంతకుముందు వినలేదు.

తొమ్మిదిలో అయిపోయిందనే అనుకున్నాను. టైగర్స్‌కి ఫస్ట్ బేస్ మీదా థర్డ్ బేస్ మీదా మనుషులు, ఒక్కరూ ఔట్ కాలేదు (ముగ్గురు ఔటైతేనే వాళ్ళ వంతు అయిపోతుంది). మన పిచర్ జో నేథన్ ఒకణ్ణి బంతి కొట్టనివ్వకుండానే ఔట్ (స్ట్రైకౌట్) చేశాడు. తర్వాత మళ్ళీ ఆ ఓర్డోనెజే. గట్టిగా కొట్టాడు, బంతి నేరుగా షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేసుల మధ్య నిలబడే మన ఫీల్డర్) చేతిలో పడింది, అతను ఫస్ట్‌కి విసిరితే అక్కడివాడూ ఔట్. కొట్టిన చప్పుడుకీ ఆ రెండో ఔట్‌కీ మధ్య ఉన్న సమయంలో నేను సీజన్ మొత్తాన్నీ వదిలేసుకున్నాను, మళ్ళీ తెచ్చుకున్నాను.

ఇక్కణ్ణించి అదనపు ఇన్నింగ్స్. మనకి క్రికెట్‌లో ఇది అలవాటు లేదు. 2007లో డర్బన్‌లో పాకిస్తాన్‌తో టై అయితే బౌల్ ఔట్ పెట్టారు, ఖాళీ వికెట్లకి బంతులేసి ఐదు నిమిషాల్లో తేల్చేశారు, మనం గెలిచాం కాబట్టి అందరం మెచ్చుకున్నాం. బేస్‌బాల్‌లో ఆ అడ్డదారి లేదు. ఒక ఇన్నింగ్స్ అయ్యాక ఒకరు ముందుండేదాకా ఆడుతూనే ఉండాలి. సొంత ఊరి టీమ్‌కి ఎప్పుడూ రెండో వంతు బ్యాటింగ్. అంటే ఇన్నింగ్స్ పై సగంలో, వాళ్ళు కొట్టేటప్పుడు, మనకి జరిగేదంతా నష్టమే, ఎంత బాగా ఆడినా సున్నా దగ్గర ఆగడమే లాభం. కింది సగంలో ఒక్క రన్ వస్తే చాలు, అందరం ఇంటికెళ్ళిపోవచ్చు. పావుగంట భయం, పావుగంట ఆశ, మళ్ళీ భయం. టీవీలో అయితే మధ్యలో ప్రకటనలొస్తాయి, లేచి మంచినీళ్ళు తాగుతాం. అక్కడ ఆ రెండు మూడు నిమిషాలూ జనం మైదానం కేసి చూస్తూ నిలబడే ఉన్నారు, అక్కడ ఏమీ జరగకపోయినా. బీరు అమ్మడం ఎప్పుడో ఆపేశారు. వేరుశెనక్కాయలు కొందామని కిందికి వెళ్తే దుకాణం సగం మూసేసి, అమ్మే కుర్రాడు కౌంటర్ మీద కూర్చుని పైనున్న టీవీ చూస్తున్నాడు. నాకు కాయలిచ్చి డబ్బు తీసుకోవడం మర్చిపోయాడు, నేనే అక్కడ పెట్టొచ్చాను.

పదో ఇన్నింగ్స్‌లో వాళ్ళ బ్రాండన్ ఇంజ్ డబుల్ (తను సెకండ్ బేస్ దాకా చేరే దెబ్బ) కొట్టాడు, 5-4 వాళ్ళకి. కిందిసగంలో మొదట మన మైకేల్ కడ్డయర్. ఎడమవైపు, సరిగ్గా మా ముందు, వాళ్ళ ఫీల్డర్ ర్యాన్ రేబర్న్ దూకాడు, బంతి అతన్ని దాటి వెనక్కి పోయింది, కడ్డయర్ థర్డ్ దాకా పరిగెత్తాడు. మాట్ టోల్బర్ట్ కొట్టిన సింగిల్‌కి (ఫస్ట్ బేస్ దాకా చేరే దెబ్బ) కడ్డయర్ ఇంటికొచ్చాడు. 5-5. అంతలో థర్డ్ మీద మన అలెక్సీ కసీయా. అతను వస్తే అయిపోయినట్టే. నిక్ పుంటో లెఫ్ట్‌కి కొట్టాడు, అదే రేబర్న్ పట్టుకుని ఇంటికి విసిరాడు, కసీయా తిరిగి బేస్ తాకి బయల్దేరేసరికి ఆలస్యమైంది, ప్లేటు దగ్గర ఔట్. ఒకే ఇన్నింగ్స్‌లో ఒకే మనిషి మాకు దేవుడూ అయ్యాడు, యముడూ అయ్యాడు.

అప్పుడే మా ఆవిడ ఫోన్ మోగింది. తమ్ముడి మెసేజ్: "అయిపోయింది బావకి చెప్పు". ఇంజ్ కొట్టినప్పుడు పంపి ఉంటాడు. అంతమంది ఒకేసారి ఫోన్లు వాడుతుంటే లోపల మెసేజ్‌లు పది నిమిషాలు ఆలస్యంగా, వెనకాముందులుగా వస్తున్నాయి. తర్వాత వరసగా మూడు ఖాళీ మెసేజ్‌లు. ఏం టైప్ చెయ్యాలో తెలియక నొక్కేశాడని అక్క వ్యాఖ్యానం.

పెద్దావిడ స్కోరు పుస్తకంలో పదో ఇన్నింగ్స్‌తో గళ్ళు అయిపోయాయి. పక్కన ఖాళీ ఉన్నచోట చేత్తోనే గీతలు గీసుకుని పదకొండు, పన్నెండు అని రాసుకుంది. "పదమూడుకి చోటు లేదు, ఇక్కడే తేలాలి" అంది నాకేసి తిరిగి. పక్కింటి వాళ్ళకి ఫోన్ చేసి ఇంకో అరగంట అన్నాం. వాళ్ళూ టీవీ ముందే ఉన్నారు, పాప నిద్రపోయింది, మీరు రాకపోయినా పర్లేదు, ఫోన్ పెట్టెయ్యండి అన్నారు.

పదకొండు నాకు సరిగ్గా గుర్తు లేదు, నిజం. పన్నెండు మాత్రం చచ్చేదాకా గుర్తుంటుంది. టైగర్స్‌కి మూడు బేసులూ నిండాయి, ఒకరే ఔట్. మన పిచర్ బాబీ కెపెల్, సీజన్ మొదట్లో ఈ పేరు ఎవరికీ తెలీదు. ఇంజ్‌కి ఒక బంతి లోపలికొచ్చింది, ఇంజ్ అంపైర్ రాండీ మార్ష్ కేసి చూసి ఏదో అంటున్నాడు, వాళ్ళ మేనేజర్ జిమ్ లేలాండ్ బయటికొచ్చాడు. మాకు పైనుంచి ఏమీ అర్థం కాలేదు. పెద్దావిడ రేడియో విని, "చొక్కాకి రాసుకుందంటున్నాడు" అంది. రాసుకుని ఉంటే ఇంజ్ ఫస్ట్‌కి నడుస్తాడు, థర్డ్ మీదివాడు ఇంటికొస్తాడు, వాళ్ళు ముందు. అంపైర్ లేదన్నాడు. దాన్ని వీడియోలో చూసి మార్చే పద్ధతి అప్పట్లో లేదు, హోమ్ రన్లకి మాత్రమే ఉండేది. తర్వాతి బంతుల్లో ఇంజ్ నేలబారుగా కొట్టాడు, పుంటో అందుకుని నేరుగా ఇంటికి విసిరాడు, థర్డ్ నుంచి వస్తున్నవాడు ఔట్. జెరాల్డ్ లేర్డ్ స్ట్రైకౌట్. ఒక్క రన్ కూడా రాలేదు. మా ఆవిడ సీటెక్కి నిలబడి ఉంది, తమ్ముడి సంగతి ఆ క్షణాన తనకి గుర్తుందని నేననుకోను.

కింది సగం. కార్లోస్ గోమెజ్ సింగిల్, తర్వాత సెకండ్‌కి చేరాడు. డెల్మన్ యంగ్‌ని కొట్టనివ్వకుండా కావాలనే ఫస్ట్‌కి నడిపించారు. మళ్ళీ కసీయా, పదిలో ప్లేటు దగ్గర ఔటైనవాడే, ఏడాదంతా సరిగ్గా కొట్టలేక కింది లీగుకి కూడా వెళ్ళొచ్చినవాడు. వాళ్ళ పిచర్ ఫెర్నాండో రాడ్నీ చాలాసేపటి నుంచి వేస్తున్నాడు, అలసిపోయాడు. బంతి ఫస్ట్‌కీ సెకండ్‌కీ మధ్యలోంచి రైట్ ఫీల్డ్‌లోకి జారిపోయింది. గోమెజ్ లాంటి పరుగుగాడికి అది చాలు. 6-5.

నాలుగు గంటల 37 నిమిషాల ఆట. తర్వాత ఏం చేశామంటే, తెలియనివాళ్ళని కావలించుకున్నాం. పెద్దావిడ నన్ను, నా వెనక మీసాలాయన మా ఆవిణ్ణి, ఆయన కొడుకు అందర్నీ. ఆటగాళ్ళు మైదానం చుట్టూ తిరుగుతూ జనం చేతులు తాకుతున్నారు. ఎవరూ కదల్లేదు. బయటికి వెళ్ళే తలుపు తీస్తే లోపలి గాలి వీపు మీద తోసి మరీ బయట పడేసేది ఆ డోమ్‌లో, ఆ రోజు మాత్రం ఆ తలుపుల దగ్గరికి వెళ్ళడానికే ముప్పావుగంట పట్టింది. రైలు కోసం ఇంకా ఎక్కువ. ప్లాట్‌ఫారం మీద మా ఆవిడ ఫోన్ తీస్తే ఒక్క మెసేజ్ ఉంది: "చొక్కాకి తగిలింది అక్కా. టీవీలో ఇరవై సార్లు చూపించారు."

ఆమె ఫోన్ చేసింది. నేను పక్కకెళ్ళి నిలబడ్డాను. గెలిచినవాడు ఆ సమయంలో ఏం మాట్లాడినా తప్పే. వాడు ఏడవలేదట, కానీ చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. నాలుగు ఆటలు మిగిలుండగా మూడు ఆటల ఆధిక్యం పోగొట్టుకున్న టీమ్ చరిత్రలో వాళ్ళదే మొదటిదని వార్తల్లో చెప్తున్నారు, అదీ వింటూ కూర్చున్నాడు.

మనవాళ్ళు ఆ రాత్రే న్యూయార్క్ వెళ్ళారు, మర్నాడు సాయంత్రమే యాంకీస్‌తో ప్లేఆఫ్ ఆట. నిద్రలేని కాళ్ళతో 7-2తో ఓడారు. శుక్రవారం రెండో ఆట, అదీ అదనపు ఇన్నింగ్సే. పదకొండులో జో మోవర్ కొట్టిన బంతి లెఫ్ట్ గీతకి లోపల స్పష్టంగా పడితే, దగ్గర్లోనే నిలబడ్డ అంపైర్ బయట పడిందన్నాడు. టీవీలో మళ్ళీ మళ్ళీ చూపించారు, ఒక అడుగు లోపల. ఆ ఇన్నింగ్స్‌లో మనకి రన్ రాలేదు, కింది సగంలో మార్క్ టెషేరా హోమ్ రన్‌తో ఆట అయిపోయింది. నేను రిమోట్ సోఫాలోకి విసిరి, ఎవరికి ఫోన్ చేద్దామా అని చూస్తుంటే అదే మోగింది. బావమరిది. "బావా, మీకేం తగల్లేదు కదా?" అన్నాడు. మంగళవారం తర్వాత వాడు నవ్వడం అదే మొదటిసారి.

ఆదివారం ఇక్కడ 4-1తో ఓడి, డోమ్‌లో బేస్‌బాల్ ఈసారి నిజంగానే అయిపోయింది. మొత్తం ఖర్చు చూసుకుంటే టికెట్లు, రైలు, తిండీ కలిపి వంద డాలర్ల లోపే, పక్కింటి వాళ్ళకి ఇచ్చిన స్వీట్లు కాక. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. థాంక్స్‌గివింగ్‌కి వాడు ఇక్కడికే వస్తున్నాడు. ఆ ఆట రికార్డింగ్ టీవీ బాక్స్‌లోంచి చెరిపెయ్యమని వాళ్ళక్క ఇప్పటికే నాకు గట్టిగా చెప్పింది. ఇంకా చెరపలేదు.